డిసెంబర్ పండగకు ఫిబ్రవరి లెక్క

దసరా, దీపావళి తిథులను బట్టి ముందుకూ వెనక్కూ జరుగుతాయి. రంజాన్ నెలవంకను బట్టి ఏటా మారుతుంది. క్రిస్మస్ మాత్రం ఏ ఏడాదైనా డిసెంబర్ 25నే. పిల్లల ఫీజు చెప్పాపెట్టకుండా పెరగవచ్చు, ఆసుపత్రి ఖర్చు ఏ రాత్రయినా మీద పడవచ్చు. ఈ పండగ ఖర్చు మాత్రం ఏ తారీఖున వస్తుందో పన్నెండు నెలల ముందే తెలుసు. అయినా మన ఇళ్లలో చాలాచోట్ల డిసెంబర్ రెండో వారం వచ్చేసరికి అది ఉన్నట్టుండి వచ్చిపడ్డ ఖర్చయి కూర్చుంటోంది. చేతిలో ఉన్నది చాలదు, అప్పు చేస్తారు. ఆ అప్పు తీరకముందే సంక్రాంతి, ఆ వెనకాలే పిల్లల పరీక్ష ఫీజులు. ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఇది: పండగలో డబ్బు మిగలడం, మిగలకపోవడం సేల్ రోజున తేలేది కాదు. సేల్‌కు ముందు గడిచిన నెలల్లో ఏం కావాలో రాసుకున్నామా, దానికి ఎంత పెట్టగలమో అనుకున్నామా, ఆ డబ్బు విడిగా పెట్టామా అన్నదాన్ని బట్టే తేలిపోతుంది. ఈ మూడూ చేసినవారికి సేల్ ఉపయోగపడుతుంది. చేయనివారి చేత అదనంగా ఖర్చు పెట్టిస్తుంది.

అసలు డబ్బు ఎక్కడెక్కడ పోతుందో ముందు చూద్దాం. క్రిస్మస్ ఖర్చంటే బట్టలూ కేకూ అనే అందరూ అనుకుంటారు. అక్కడితో ఆగదు. డిసెంబర్ మొదటి వారం నుంచే చర్చిలో, ఆఫీసులో, కాలేజీలో సెమీ క్రిస్మస్‌లు మొదలవుతాయి. ఒకచోట చందా, ఇంకోచోట చీటీలో పేరు వచ్చిన మనిషికి కానుక. రాత్రి పూట కారల్స్ బృందం ఇంటికి వస్తే పాతికమందికి టీ, బిస్కెట్లు, కేకు ముక్కలు, ఒక కవర్లో కానుక. వాకిట్లో స్టారు, సీరియల్ లైట్లు. పాస్టర్ గారి కుటుంబానికి బట్టలు పెట్టే ఆనవాయితీ చాలా సంఘాల్లో ఉంది. పిండివంటలకు బెల్లం, బియ్యప్పిండి, శనగపిండి, నూనె. చర్చిలో ప్రేమవిందుకు మన వంతు, ఇంట్లో బిర్యానీ, వచ్చే చుట్టాలు. వారం తిరక్కుండానే డిసెంబర్ 31 రాత్రి ఆరాధన, జనవరి ఒకటికి మళ్లీ కొత్త బట్టలు. హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో ఊరికి వచ్చేవాళ్లకు వీటన్నిటికీ తోడు రానుపోను చార్జీలు. వీటిలో ఫలానాది అనవసరం అని నేను అనను. అన్నీ కలిస్తేనే అది పండగ. చిక్కల్లా ఏమిటంటే, ఇవన్నీ నెల రోజుల్లో వరసగా వచ్చిపడతాయి. ఒక్కొక్కటీ విడిగా చూస్తే చిన్న మొత్తమే కాబట్టి దేనికీ లెక్క రాయం. లెక్క రాయని ఖర్చుకు వచ్చే ఏడాది కూడా ముందస్తు ఏర్పాటు ఉండదు. అందుకే ఈ జాబితా రాసుకోవడానికి మంచి సమయం జనవరి మొదటి వారం. స్టారుకు ఎంతయిందో, చికెన్ ఎన్ని కిలోలు తెచ్చామో, ఏ స్వీటు మిగిలిపోయి పారేశామో అప్పటికింకా గుర్తుంటుంది. అక్టోబర్ వచ్చేసరికి అదంతా మరచిపోయి, ఉజ్జాయింపుగా ఒక అంకె వేస్తాం. ఆ అంకె ఎప్పుడూ తక్కువే ఉంటుంది.

జాబితా అంతా కలిపితే 18,000 రూపాయలు అయిందనుకుందాం. నవంబర్‌లో చేతికొచ్చేలా నెలకు 1,500 చొప్పున పన్నెండు నెలలు బ్యాంకులో రికరింగ్ డిపాజిట్ కడితే, ఏడాదికి ఆరున్నర శాతం లెక్కన వచ్చే వడ్డీ సుమారు 640 రూపాయలు. ఇంత తక్కువ వడ్డీ కోసం ఏడాది పొడుగునా కట్టాలా అనిపించడం సహజం. అదే 18,000 డిసెంబర్‌లో క్రెడిట్ కార్డు మీద ఖర్చుపెట్టి, బిల్లు పూర్తిగా కట్టలేక బాకీ పెట్టుకున్నారనుకోండి. చాలా కార్డులు బాకీ మీద నెలకు మూడున్నర శాతం దాకా వేస్తాయి. ఒక్క నెలకు 630 రూపాయల వడ్డీ, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం దగ్గర దగ్గర 743 రూపాయలు. ఆ నెల 900 కట్టామనుకున్నా అసలులో తీరేది 157 రూపాయలే. ఏడాదంతా పొదుపు చేస్తే వచ్చే దానికంటే ఒక్క నెల బాకీకి పోయేది ఎక్కువ. పల్లెల్లో నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే జనం జంకుతారు, ఇంకో దారి ఏమైనా ఉందా అని వెతుకుతారు. పట్నంలో చేతిలో ఉన్న కార్డు వేసేది నూటికి మూడున్నర. ప్లాస్టిక్ ముక్క మీద బ్యాంకు పేరు ఉన్నంత మాత్రాన అది చవక అప్పు అయిపోదు.

అయితే పొదుపులో అసలు లాభం వడ్డీ కాదు, డబ్బు విడిగా ఉండటం. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని కార్లైల్ అనే ఊళ్లో 1909లో ఒక బ్యాంకు క్రిస్మస్ క్లబ్ పేరుతో ఖాతాలు తెరిచింది. వారం వారం కొంత కట్టాలి, పండగ ముందు మొత్తం ఒకేసారి తీసుకోవాలి. మామూలు ఖాతాలో ఉన్న స్వేచ్ఛ అందులో లేదు, వడ్డీ కూడా చెప్పుకోదగ్గది కాదు. అయినా ఆ పద్ధతి దేశమంతా పాకింది. తర్కం ప్రకారం చూస్తే ఇది వింతే. డబ్బు ఎక్కడున్నా డబ్బే, ఎప్పుడంటే అప్పుడు తీసుకునే చోట ఉంటేనే మేలు కదా. మనిషి అలా ఆలోచించడని ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్ చూపించారు. ప్రతి ఇంట్లోనూ మనసులోనే వేర్వేరు ఖాతాలు నడుస్తాయి, ఒక పనికని పేరుపెట్టి ఉంచిన డబ్బును ఇంకో పనికి తీయడానికి చెయ్యి రాదు. మనిషి నడతను ఇలా ఆర్థికశాస్త్రంలోకి తెచ్చినందుకే 2017లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మన ఇళ్లలో ఆడవాళ్లు పోపుల డబ్బాలో దాచిన డబ్బు ఇన్ని తరాలు ఇళ్లను నిలబెట్టింది కూడా ఈ బలంతోనే. పోపుల డబ్బాలోది కూరగాయలకు తీయరు. ఇప్పుడు జీతం ఖాతాలోకి, ఖర్చు ఫోన్ నుంచి. అన్నీ ఒకే ఖాతాలో కలిసిపోయాయి. కనుక ఆ విభజనను మనం కావాలని చేసుకోవాలి: జీతం పడిన మర్నాడే రికరింగ్ డిపాజిట్‌లోకి దానంతటదే వెళ్లిపోయేలా.

విడిగా పెట్టడం ఎంత ముఖ్యమో, ఎక్కడ పెట్టామన్నది అంతకంటే ముఖ్యం. బ్రిటన్‌లో ఫేర్‌పాక్ అనే సంస్థ సరిగ్గా ఇలాంటి పొదుపునే నడిపేది. అందులో కట్టేవాళ్లలో ఎక్కువమంది తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలవాళ్లు. ఏడాదంతా కొంచెం కొంచెం కట్టి, క్రిస్మస్‌కు సరుకులో షాపింగ్ వోచర్లో తీసుకునేవారు. 2006 అక్టోబర్‌లో, పండగ రెండు నెలలు ఉందనగా అది మూతపడింది. లక్షకు పైగా ఖాతాదారులు, దాదాపు 4 కోట్ల పౌండ్లు. వాళ్లు కట్టిన డబ్బు విడిగా భద్రంగా ఉండాల్సింది పోయి మాతృసంస్థ అవసరాల్లో కలిసిపోయింది. ఏళ్లు గడిచాక బాధితులకు దక్కింది కొంత భాగమే. ఈ కథ దూరదేశానిదని తోసేయడానికి లేదు. మన దగ్గర పండగ చీటీలు, పండగ ఫండ్‌లు అచ్చంగా ఇవే. వీధిలో తెలిసిన మనిషే నెలనెలా వసూలు చేసి, పండగకు బియ్యం, నూనె, పప్పులు, ఒక స్టీలు గిన్నె ఇస్తానంటాడు. చేతిలో ఒక చిన్న కార్డు, అందులో నెలకొక సంతకం. అంతకు మించి ఆధారం ఉండదు. ఆ మనిషి మంచివాడే కావచ్చు, కానీ వసూలు చేసిన డబ్బుతో ఆయన వ్యాపారం చేసి నష్టపోతే మంచితనం ఆ డబ్బును తెచ్చివ్వదు. చిట్‌ఫండ్ల చట్టం 1982 నుంచి ఉంది. దాని ప్రకారం చీటీ నడిపేవాళ్లు రిజిస్ట్రార్ దగ్గర నమోదు కావాలి, పూచీగా డిపాజిట్ కట్టాలి. అనుమతి లేని డిపాజిట్ పథకాలను నిషేధిస్తూ 2019లో మరో చట్టం వచ్చింది. చట్టం ఉన్నా, పోయిన డబ్బు పండగలోపు తిరిగిరాదు. బ్యాంకులోనైతే 5 లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంది. పోస్టాఫీసు ఉంది, డ్వాక్రా సంఘం పొదుపు ఉంది. ఇంటికొచ్చి వసూలు చేసుకుంటాడన్న సౌకర్యం కోసం ఏడాది కష్టాన్ని సంతకాల కార్డుకు అప్పగించడం నాకు ఏమాత్రం సబబుగా తోచదు.

ఇక సేల్ సంగతికి వద్దాం. సేల్ అంటే ధర తగ్గడం. ఎంత నుంచి తగ్గింది అన్న ప్రశ్నకు జవాబు ఎవరు చెబుతున్నారో గమనించాలి. అమ్మేవాళ్లే చెబుతున్నారు. ఫోన్ తెరమీద కొట్టివేత గీతతో కనిపించే పెద్ద అంకె చాలాసార్లు ఎమ్మార్పీ. తయారీదారే వేసే గరిష్ఠ ధర అది, చట్టం ప్రకారం అంతకు మించి అమ్మకూడదు. ఆ వస్తువు నిన్నటిదాకా ఆ ధరకే అమ్ముడుపోయిందని దానర్థం కాదు. నిన్నా మొన్నా 1,900కు అమ్మిన కుక్కర్‌కు 3,500 కొట్టేసి 1,850 అని రాస్తే, సగానికి సగం తగ్గినట్టు కనిపిస్తుంది. నిజంగా తగ్గింది 50 రూపాయలు. ఆ కొట్టేసిన అంకె మనకు అబద్ధమని అనుమానం ఉన్నా పనిచేస్తుంది, అదే విచిత్రం. ఏమస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానెమన్ 1974లో ప్రచురించిన వ్యాసంలో ఒక ప్రయోగం ఉంది. అంకెలున్న చక్రాన్ని తిప్పారు. అది 10 దగ్గరో 65 దగ్గరో ఆగేలా ముందే అమర్చారు. తర్వాత ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాలు ఎంత శాతం ఉంటాయని అడిగారు. 10 చూసినవాళ్ల అంచనా 25 దగ్గర, 65 చూసినవాళ్ల అంచనా 45 దగ్గర తేలింది. చక్రానికీ ఆఫ్రికాకూ ఏ సంబంధమూ లేదు. ముందుగా కంటపడిన అంకె ఆలోచనను తనవైపు లాక్కుంది, అంతే. సేల్ బోర్డు మీద మొదట కనిపించే అంకె కూడా ఈ పనే చేస్తుంది.

దీనికి వ్యాపార ప్రపంచంలో ఇంకా పెద్ద సాక్ష్యం ఉంది. అమెరికాలో జేసీ పెన్నీ అనే పాత, పెద్ద దుకాణాల సంస్థకు ఆపిల్ దుకాణాలను నడిపిన రాన్ జాన్సన్ అధిపతిగా వచ్చారు. 2012లో ఆయన కూపన్లు, ఎడతెగని సేళ్లు తీసేసి, రోజూ ఒకే న్యాయమైన ధర పెడతానన్నారు. ముందు ధర పెంచి ఆ తర్వాత తగ్గించే ఆట ఆపేశారు. కొనేవాళ్లకు ఇది మేలే కావాలి. ఆ ఏడాది అమ్మకాలు దాదాపు నాలుగో వంతు పడిపోయాయి. 2013 ఏప్రిల్‌లో ఆయన్ను సాగనంపారు, కూపన్లు తిరిగొచ్చాయి. జనం తక్కువ ధర కోసం కాక, తగ్గిందన్న తృప్తి కోసం వస్తున్నారని వ్యాపారులందరికీ దీంతో రూఢి అయింది. ఐరోపా సమాఖ్య ఈ బలహీనత నుంచి కొనేవాళ్లను కాపాడాలని ఒక నిబంధన పెట్టింది. 2022 మే 28 నుంచి అక్కడ ధర తగ్గించామని ప్రకటించే దుకాణం అంతకు ముందు 30 రోజుల్లో తాను అమ్మిన అతి తక్కువ ధరను చూపాలి. మన దేశంలోనూ అలాంటి 30 రోజుల లెక్క కొట్టివేత గీత పక్కన ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను. అందాకా ఆ పని మనమే చేసుకోవాలి. కొనదలచిన ఐదారు ముఖ్యమైన వస్తువుల ధరను ఆగస్టు నుంచి పదిహేను రోజులకొకసారి నోట్‌బుక్‌లో రాసుకుంటే చాలు. దసరా సేల్ వచ్చేసరికి మన దగ్గర మన అంకె ఉంటుంది. తెరమీద ఎంత కొట్టేసి ఉన్నా మన పుస్తకంలోని ధరతోనే పోల్చుతాం.

తెర సంగతి ఇంకొంచెం దగ్గరగా చూడాలి. పిల్లవాడికి సైకిల్ కొందామని తెరిచారు. పైన గడియారం వెనక్కి లెక్కపెడుతుంటుంది. కింద ‘ఇంకా రెండే మిగిలాయి’ అని ఎర్ర అక్షరాలు. కార్టులో వేశాక ఎవరూ అడగని వారంటీ పొడిగింపు ఒకటి దానంతటదే టిక్ అయి ఉంటుంది. చివరి పేజీలో డెలివరీ, ప్యాకింగ్, మరో రుసుము కలిసి మొదట చూసిన ధర కంటే రెండు మూడు వందలు పెరుగుతుంది. అప్పటికి చిరునామా రాసేశాం, పిల్లవాడికి చెప్పేశాం, వెనక్కి రాబుద్ధి కాదు. ఇలాంటివాటిని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబర్‌లో డార్క్ ప్యాటర్న్స్ పేరుతో మార్గదర్శకాలు ఇచ్చి నిషేధించింది. లేని తొందర పుట్టించడం, కార్టులోకి చెప్పకుండా సరుకు చేర్చడం, రుసుములను చివరిదాకా దాచడం వంటివి మొత్తం 13 రకాలు అందులో ఉన్నాయి. ఫిర్యాదుకు 1915 నంబరు ఉంది, వాడుకోవాలి. కానీ ఫిర్యాదు కొన్న తర్వాతి మాట. కొనే క్షణంలో మనల్ని కాపాడేది ‘సైకిల్, గరిష్ఠం 5,500, అన్నీ కలిపి’ అని ముందే రాసి ఉన్న ఒక వరుస.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం వస్తుంది. సేల్‌లో కొన్ని ధరలు నిజంగానే తగ్గుతాయి కదా, లెక్కలంటూ కూర్చుంటే అవకాశం చేజారదా అని. తగ్గుతాయి, ఒప్పుకోవాలి. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, బట్టల షాపులు ఖాళీగా ఉంటాయి, నిల్వ కదలాలి కాబట్టి ధర తగ్గడానికి అసలైన కారణమే ఉంది. డిసెంబర్ 20న షాపు కిటకిటలాడుతుంటే తగ్గించాల్సిన అవసరం ఎవరికుంది? కాబట్టి క్రిస్మస్ చీరలు, పెద్దవాళ్ల బట్టలు ఆషాఢంలో తీసుకోవడం తెలివైన పని. పిల్లల బట్టలు మాత్రం కాదు. జులైలో సరిపోయిన షర్టు డిసెంబర్‌కు బొత్తాం పట్టదు. వాళ్లవి నవంబర్‌లోనే తీసుకోవాలి. కుట్టించేవైతే నవంబర్ మొదట్లోనే టైలర్‌కు ఇవ్వాలి. డిసెంబర్ దగ్గర పడితే కొత్త గుడ్డ తీసుకోరు, తీసుకున్నా అర్జెంటు కూలి వేస్తారు. మిక్సీ, ఫోన్ లాంటివి దసరా, దీపావళి సేల్‌లో కొంటే నిజంగా కలిసొస్తుంది. కానీ పండగ రోజు ఇవ్వాలని అట్టపెట్టె తెరవకుండా అలమరలో దాచకండి. వారంటీ కొన్న రోజు నుంచే నడుస్తుంది, తిరిగిచ్చే గడువు వారం పది రోజులే. వచ్చిన రోజే తెరిచి, పనిచేయించి చూసి, మళ్లీ సర్ది పెట్టాలి. రైలు టికెట్ల విషయంలో సేలూ లేదు, తగ్గింపూ లేదు, తారీఖు ఒక్కటే ఉంది. 2024 నవంబర్ 1 నుంచి రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. డిసెంబర్ 23 రైలుకు అక్టోబర్ 24 ఉదయం బుకింగ్ తెరుచుకుంటుంది. నలుగురున్న కుటుంబం ఆ ఉదయాన్ని వదిలేసుకుని డిసెంబర్‌లో ప్రైవేటు బస్సు ఎక్కితే, బట్టల మీద మిగిల్చిందంతా ఆ ఒక్క రాత్రి ప్రయాణంలో పోతుంది. అందుకే నా దృష్టిలో ఈ జాబితా మొత్తంలో ఎక్కువ మిగిల్చేది ఏ సేలూ కాదు, అక్టోబర్‌లోని ఆ ఒక్క తారీఖు.

ముందే కొంటే రెండుసార్లు ఖర్చవుతుందనేవాళ్లూ ఉన్నారు. ఆషాఢంలో చీర తీసుకున్నా డిసెంబర్‌లో మళ్లీ తీసుకుంటారు, కాబట్టి ముందస్తు అంతా వృథా అని. ఇది నిజంగా జరిగేదే. అయితే తప్పు ముందు కొనడంలో లేదు, జాబితా లేకుండా ముందు కొనడంలో ఉంది. కొన్నదాన్ని జాబితాలో కొట్టేస్తే ఆ వరుస అక్కడితో ముగిసింది. ఇంట్లో అందరికీ కనిపించేలా ఆ కాగితం ఫ్రిజ్ మీద ఉంటే ఇంకా మంచిది. నెలవారీ వాయిదాల సౌకర్యం ఉండగా పొదుపు ఎందుకనే మాట కూడా వింటుంటాం. వడ్డీ లేని ఈఎంఐ అంటారు కదా అని. వడ్డీ సున్నా అనేది అసలు లేనేలేదని, దాన్ని ప్రాసెసింగ్ ఫీజు రూపంలో దాస్తున్నారని రిజర్వ్ బ్యాంకు 2013 సెప్టెంబర్‌లోనే బ్యాంకులను హెచ్చరించింది. ఇప్పుడు సాధారణంగా ఆ వడ్డీ మేరకు అమ్మేవాళ్లు ధరలో తగ్గింపు చూపిస్తారు. కానీ వడ్డీ మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు కొనేవాళ్ల మీదే పడతాయి, రొక్కానికి కొంటే దక్కే తగ్గింపు పోతుంది. అంతకంటే పెద్ద నష్టం ఇంకోచోట ఉంది. డ్రాజెన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ అనే ఇద్దరు ఎంఐటీ పరిశోధకులు 2001లో ప్రచురించిన అధ్యయనంలో విద్యార్థుల చేత బాస్కెట్‌బాల్ టికెట్లకు వేలం పాడించారు. కార్డుతో కట్టాలన్న షరతు ఉన్నవాళ్లు, నగదు కట్టాలన్న షరతు ఉన్నవాళ్ల కంటే దాదాపు రెట్టింపు పాడారు. టికెట్ అదే, విద్యార్థులూ అలాంటివాళ్లే. చేతిలోంచి డబ్బు వెంటనే పోవడం లేదన్న ఒక్క తేడా చాలింది. వాయిదాల్లోనూ ఉన్నది అదే తేడా.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం రోజుకూలీ కుటుంబాలది. నెల జీతం ఉన్నవాళ్లకు నెలకు 1,500 మాట చెప్పడం తేలిక. రాబడే నికరం లేనివాళ్లకు ఈ సలహా ఏం పనికొస్తుంది? ఇది తప్పించుకోకూడని ప్రశ్న. గుంటూరు, పల్నాడు వైపు మిర్చి కుటుంబాల లెక్క చూడండి. కోతలు ఊపందుకునేది జనవరి తర్వాత, మిర్చి యార్డు నిండేది ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్‌లో. రైతుకు పంట డబ్బు వచ్చేదీ, కూలీలకు వరసగా కోత కూలి దొరికేదీ అప్పుడే. క్రిస్మస్ వచ్చేదేమో దానికి ముందు, చేతిలో ఏమీ లేని డిసెంబర్‌లో. కాబట్టి ఏటా పండగ అప్పుతోనే గడుస్తుంది, ఆ అప్పు ఫిబ్రవరి కూలిలోంచి వడ్డీతో సహా తీరుతుంది. అంటే ఆ కుటుంబం పండగ ఖర్చు పెడుతూనే ఉంది, వడ్డీ కలిపి పెడుతోంది. పొదుపు చేసే శక్తి వాళ్లకు లేదనడం ఆ లెక్క ప్రకారమే నిలవదు. లేనిది సమయపు పొంతన. దాన్ని తిప్పడానికి ఒక్క ఏడాది కష్టపడాలి. ఒక ఫిబ్రవరిలో పాత అప్పు తీరుస్తూనే కొంత తీసి డ్వాక్రా సంఘంలోనో బ్యాంకులోనో పెట్టగలిగితే, ఆ డిసెంబర్‌లో అప్పు కొంత తగ్గుతుంది, మరుసటి ఫిబ్రవరిలో పెట్టేది పెరుగుతుంది. నెలవారీ వాయిదా వాళ్లకు కుదరదు, కూలి దొరికే వారాల్లో వారానికింత అన్నదే కుదురుతుంది. అదీ ఒంటరిగా కష్టమైతే, ఒక సంఘంలోని పది కుటుంబాలు కలిసి బెల్లం, నూనె, పప్పులు హోల్‌సేల్‌లో ఒకేసారి తెచ్చి పంచుకోవచ్చు. ఎలాగూ అరిసెలు ఇరుగుపొరుగు కలిసే వండుకుంటారు, ఆ కలయిక కొట్టు దాకా వెళితే చాలు. ఆసుపత్రిపాలై ఆ ఫిబ్రవరి కూలి కూడా పోయిన ఇంటికి నేను చెప్పగల లెక్క ఏదీ లేదు. అక్కడ కావాల్సింది పొదుపు పాఠం కాదు, తోటివాళ్ల సాయం.

చివరగా, పండగను పద్దుల పుస్తకం చేస్తారా, ప్రేమతో ఇచ్చేదానికి లెక్కేమిటి అనేవాళ్ల మాట. ఈ మాటను నేను గౌరవిస్తాను. కానీ ప్రేమతో ఇచ్చింది అవతలివాళ్లకు పనికిరావాలి కదా. జోయెల్ వాల్డ్‌ఫోగెల్ అనే ఆర్థికవేత్త 1993లో క్రిస్మస్ కానుకల మీద ఒక పరిశోధన ప్రచురించారు. విద్యార్థులను తమకొచ్చిన కానుకలు తమ దృష్టిలో ఎంత విలువ చేస్తాయో అడిగితే, వాటికి అయిన ఖర్చు కంటే పదో వంతు నుంచి మూడో వంతు దాకా తక్కువ చెప్పారు. అందులో మనసుకు సంబంధించిన విలువను లెక్కపెట్టలేదు, ఆ విమర్శ సరైనదే. అయినా, అవతలివాళ్లకు ఏం కావాలో తెలుసుకునే తీరిక లేక ఆఖరి రోజు కొనే కానుకలో ఎంత వృథా ఉందో అది చెబుతుంది. వియ్యపురాలికి ఏ రంగు ఇష్టమో, చెల్లెలి కొడుక్కి ఏ పుస్తకం కావాలో సెప్టెంబర్‌లో మాటల మధ్య తెలుస్తుంది. డిసెంబర్ 23న షాపులో తెలియదు. ఇంకొకటీ ఉంది. డబ్బు కటకట వచ్చినప్పుడు మొదట కోత పడేది ఎక్కడ? ఇంట్లో పిల్లల బట్టల్లో కాదు, కేకులో కాదు. వృద్ధాశ్రమానికి ఇద్దామనుకున్న దుప్పట్లలో, ఇంట్లో పనిచేసే అమ్మాయికి పెడదామనుకున్న చీరలో, సంఘంలోని వితంతువులకు ఇచ్చే బియ్యంలో. ఈ పండగ ఎవరి పేరు మీద జరుగుతోందో తెలిసినవాళ్లకు ఆ కోత బాధ కలిగించాలి. అందుకే జాబితాలో మొదటి వరుస బయటివాళ్లకు ఇవ్వాల్సినది కావాలంటాను. ఆ మొత్తం డిపాజిట్ చేతికొచ్చిన రోజే విడిగా తీసి, దుప్పట్లు, చీర, బియ్యం నవంబర్‌లోనే కొనేసి పెడితే, తర్వాత బట్టల షాపులో బిల్లు ఎంతయినా దాని జోలికి వెళ్లాల్సిన పని ఉండదు.